క్లినికల్ రీజనింగ్ నేర్పడానికి ఏ పద్ధతి మేలు? పీబీఎల్ నుంచి బెడ్‌సైడ్ దాకా ఒక పోలిక

డెంగీ మీద పది మార్కుల ప్రశ్న ఇస్తే మూడు పేజీలు నింపే విద్యార్థి, నాలుగు రోజుల జ్వరంతో వచ్చిన మనిషిని ఎదురుగా కూర్చోబెడితే ఏం అడగాలో తోచక ఆగిపోతాడు. హైదరాబాద్‌లో మెడికల్ కాలేజీ టీచర్‌ని అడిగినా, నర్సింగ్ ట్యూటర్‌ని అడిగినా, ఫిజియోథెరపీ, ఫార్మ్-డీ వాళ్లను అడిగినా ఇదే బాధ చెప్తారు. పేషంటు చెప్పినదాన్నీ, పరీక్షించి చూసినదాన్నీ కలిపి ఆలోచించి ఒక నిర్ణయానికి రావడాన్నే క్లినికల్ రీజనింగ్ అంటారు. దాన్ని నేర్పడానికి చాలా పేర్లు వినిపిస్తుంటాయి: పీబీఎల్ (ప్రాబ్లమ్ బేస్డ్ లెర్నింగ్, సమస్యతో మొదలుపెట్టడం), సీబీఎల్ (కేస్ బేస్డ్ లెర్నింగ్, కేసు మీద నేర్చుకోవడం), టీబీఎల్ (టీమ్ బేస్డ్ లెర్నింగ్, టీములుగా నేర్చుకోవడం), సిమ్యులేషన్ (నిజం పేషంటు లేకుండా అదే పరిస్థితిని కల్పించి సాధన చేయడం), పేషంటు మంచం దగ్గరే నేర్పే బెడ్‌సైడ్ పద్ధతులు. టైంటేబుల్ వేసే ముందు మీ డిపార్ట్‌మెంట్‌లో "ఈ ఏడాది ఏది మొదలుపెడదాం" అన్న చర్చ నడుస్తుంటే, ఆ చర్చకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన బ్యాచ్‌ల సైజుకి, ఉన్న టీచర్ల సంఖ్యకి పూర్తి స్థాయి పీబీఎల్ నడపడం చాలా కష్టం. లక్షలు పోసి మ్యానికిన్ (పేషంటులా పనిచేసే బొమ్మ) కొనడం మొదటి అడుగు కాకూడదు. ఒకేలా కనిపించే కేసుల్ని పక్కపక్కన పెట్టి పోల్పించడం, వార్డులో విద్యార్థి చేత ముందుగా తన నిర్ణయం చెప్పించడం, ఈ రెండూ పెద్ద ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితమిస్తాయి. మిగతావాటికి కూడా వాటి వాటి చోట్లు ఉన్నాయి.

ఎంచుకునే ముందు

ఆలోచించడం అనే నైపుణ్యాన్ని ఒకసారి నేర్పేస్తే అది అన్ని రోగాలకూ పనికొస్తుందని మనలో చాలామంది నమ్మకం. అమెరికాలో ఆర్థర్ ఎల్‌స్టీన్, లీ షుల్మన్, సారా స్ప్రాఫ్కా 1970ల్లో డాక్టర్లు ఎలా ఆలోచిస్తారో దగ్గరగా గమనించి, 1978లో ఆ ఫలితాల్ని పుస్తకంగా తెచ్చారు. పేషంటు మాట్లాడటం మొదలుపెట్టిన కాసేపటికే డాక్టరు మనసులో రెండు మూడు అనుమానాలు పుడతాయి. మంచి పేరున్న డాక్టర్లైనా, మామూలు డాక్టర్లైనా ఆలోచించే తీరు దాదాపు ఒకటే. తేడా ఆ అనుమానాల నాణ్యతలో, అంటే వాటి వెనకున్న విషయ జ్ఞానంలో కనిపించింది. పైగా ఒక కేసులో బాగా చేసినవాళ్లు ఇంకో కేసులోనూ బాగా చేస్తారన్న గ్యారంటీ లేదని తేలింది. గుండె కేసుల్లో గట్టివాడు నరాల కేసు రాగానే తడబడొచ్చు.

1990లో ష్మిట్, నార్మన్, బోషుయిజెన్ దీన్ని ఇంకో మెట్టు ముందుకు తీసుకెళ్లారు. అనుభవమున్న డాక్టరు బుర్రలో ఒక్కో జబ్బుకి ఒక్కో 'ఇల్‌నెస్ స్క్రిప్ట్' ఉంటుంది. ఆ జబ్బు ఎలాంటివాళ్లకు వస్తుంది, ఒంట్లో ఏం చెడుతుంది, బయటికి ఎలా కనిపిస్తుంది, రోజులు గడిచేకొద్దీ ఎలా మారుతుంది అన్నవన్నీ ఒకే అల్లికగా అందులో ఉంటాయి. చాలామంది పేషంట్లను చూసి, ఒకరితో ఒకర్ని పోల్చుకుంటూ పోతే తప్ప ఆ అల్లిక కుదరదు.

అందుకే ఏ పద్ధతి ముందుకొచ్చినా నేను మూడు విషయాలు చూస్తాను. విద్యార్థి ఎన్ని కేసులు చూస్తున్నాడు, వాటిని పోలుస్తున్నాడా? జవాబు వినకముందే తానొక నిర్ణయం చెప్పాల్సి వస్తోందా? అతను ఎలా ఆలోచించాడో విని సరిదిద్దే మనిషి పక్కన ఉన్నారా?

లెక్చర్‌ని తీసేయక్కర్లేదు

2019 బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్‌కి అమల్లోకి వచ్చిన సామర్థ్య ఆధారిత పాఠ్య ప్రణాళిక, లెక్చర్లు మొత్తం టైంటేబుల్‌లో మూడో వంతు దాటకూడదని చెప్పింది. మిగతా సమయం చర్చలు, ప్రాక్టికల్స్, క్లినికల్ పనికి. ఆ మూడో వంతుని మాత్రం గౌరవంగా వాడుకోవాలి. ఏమీ తెలియని విషయం మీద ఎవరూ తర్కించలేరు. లెక్చర్ చివర పది నిమిషాలు మిగుల్చుకుని, ఒక కేసు తీసుకుని టీచరే పైకి మాట్లాడుతూ ఆలోచిస్తే చాలు: "ఈ మాట వినగానే నాకు ఫలానాది అనుమానం వచ్చింది, ఈ రిపోర్ట్ చూశాక దాన్ని పక్కన పెట్టాను" అని. పెద్దవాళ్ల ఆలోచన ఎలా నడుస్తుందో పిల్లలకు వినిపించే అవకాశం మన దగ్గర చాలా తక్కువగా దొరుకుతోంది.

పీబీఎల్‌కా, సీబీఎల్‌కా?

పీబీఎల్ కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో 1969లో మొదలైంది. తర్వాత నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ దాన్ని ఏడు మెట్ల పద్ధతిగా తీర్చింది. ఎనిమిది, పది మంది విద్యార్థుల గుంపుకి పాఠం చెప్పకముందే ఒక సమస్య ఇస్తారు. తమకు తెలిసిందేంటో, తెలియనిదేంటో వాళ్లే తేల్చుకుంటారు. చదువుకుని రెండు మూడు రోజుల తర్వాత మళ్లీ కూర్చుంటారు. ట్యూటర్ జవాబు చెప్పరు, చర్చ దారి తప్పకుండా చూస్తారు.

ఇందులో మంచి చాలా ఉంది. విద్యార్థికి చదువు మీద ఇష్టం పెరుగుతుంది, సొంతంగా వెతుక్కోవడం అలవాటవుతుంది, గుంపులో మాట్లాడటం వస్తుంది. 1993 నుంచి వచ్చిన సమీక్షలు చూస్తే, పీబీఎల్‌లో చదివినవాళ్ల సంతృప్తి ఎక్కువ. జ్ఞానాన్ని కొలిచే పరీక్షల్లో మాత్రం వాళ్లు మామూలు పద్ధతివాళ్లను దాటిపోయిన దాఖలాలు లేవు, కొన్నిచోట్ల కాస్త వెనకబడ్డారు కూడా. తర్కించే శక్తి ప్రత్యేకంగా పెరిగిందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. ఫస్ట్ ఇయర్ విద్యార్థికి ఏది ముఖ్యమో ఏది కాదో తెలియదు. వెతుకులాటకే బుర్రంతా ఖర్చయిపోతే నేర్చుకోవడానికి ఏం మిగులుతుంది?

ఇక లెక్క చూడండి. ఉస్మానియా, గాంధీ మెడికల్ కాలేజీల్లో ఎంబీబీఎస్ బ్యాచ్‌కు 250 సీట్లు. ఎనిమిది మందికో గుంపు అనుకుంటే 31 గుంపులు, ఒకే సమయంలో 31 మంది ట్యూటర్లు, 31 గదులు కావాలి. ఎనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ మూడు డిపార్ట్‌మెంట్లు కలిసినా అంతమంది దొరకరు. చివరికి గుంపుకి 25 మంది అవుతారు, నలుగురు మాట్లాడతారు, మిగతావాళ్లు ఫోన్ చూసుకుంటారు. అలాంటప్పుడు పీబీఎల్ పేరే మిగులుతుంది, పని జరగదు.

సీబీఎల్‌లో విద్యార్థి ముందే చదువుకుని వస్తాడు. కేసు గురించి టీచర్ ప్రశ్నలు వేస్తూ, దారి తప్పితే అక్కడికక్కడే సరిదిద్దుతూ నడిపిస్తారు. అమెరికాలో యూసీఎల్ఏ, యూసీ డేవిస్ మెడికల్ స్కూళ్లు పీబీఎల్ నుంచి సీబీఎల్‌కి మారి, 2007లో ఆ అనుభవాన్ని ప్రచురించాయి. విద్యార్థులూ, టీచర్లూ పెద్ద మెజారిటీతో సీబీఎల్‌నే కోరుకున్నారు. గమ్యం లేని చర్చలు తగ్గాయని, పేషంటుకి పనికొచ్చేలా ఆలోచించే వీలు పెరిగిందని చెప్పారు. గుంపు 15, 20 మంది ఉన్నా టీచర్ గట్టిగా నడిపిస్తే సీబీఎల్ నిలబడుతుంది. మన కాలేజీలకు ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే నేను సీబీఎల్ అనే చెప్తాను. 50 సీట్ల చిన్న కాలేజీ అయ్యుండి, టీచర్లు ఆసక్తిగా ముందుకొస్తే ఏడాదికి రెండు మూడు పీబీఎల్ సమస్యలు పెట్టుకోవచ్చు. మొత్తం కోర్సుని దానిమీద నిలబెట్టొద్దు.

గ్యాలరీ హాల్, ఒక్కరే టీచర్: టీబీఎల్

హాల్లో వంద మందికి పైనే ఉండి, టీచర్ మీరొక్కరే అయితే టీబీఎల్‌ని మించింది నాకు కనిపించలేదు. ఓక్లహోమా యూనివర్సిటీలో బిజినెస్ పాఠాలు చెప్పే లారీ మైకెల్సన్, క్లాసు సైజు ఒక్కసారిగా పెరిగిపోయినప్పుడు 1970ల చివర్లో దీన్ని రూపొందించారు. ముందు చదువుకుని వచ్చిన విద్యార్థులు ఒంటరిగా చిన్న పరీక్ష రాస్తారు, అదే పరీక్షని మళ్లీ టీమ్‌గా రాస్తారు. ఆ తర్వాత అసలు పని: అన్ని టీములకూ ఒకే కేసు, ఒకే ప్రశ్న, నాలుగు జవాబుల్లో ఒకటే ఎంచుకోవాలి, అందరూ ఒకేసారి కార్డు పైకెత్తాలి. పక్క టీమ్ వేరే కార్డు ఎత్తిందని చూడగానే వాదన దానంతటదే మొదలవుతుంది.

క్లిక్కర్లు అక్కర్లేదు, నాలుగు రంగుల చార్ట్ ముక్కలు సరిపోతాయి. మన గ్యాలరీ హాళ్లలో బెంచీలు కదలవు కాబట్టి ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగితే ఆరుగురి టీమ్ తయారవుతుంది. ప్రశ్న రాయడంలోనే అసలు కష్టం. "కింది వాటిలో డెంగీ లక్షణం ఏది" అంటే చర్చ పుట్టదు. "ఈ పేషంటుని ఇప్పుడు ఇంటికి పంపుతారా, వార్డులో ఉంచుతారా, ఐసీయూకి మారుస్తారా" అంటే పుడుతుంది.

వార్డులో: ఐదు అడుగుల పద్ధతి

వార్డు పోస్టింగుల్లో మామూలుగా జరిగేది మనకు తెలిసిందే. విద్యార్థి కేసు చెప్పడం మొదలుపెడతాడు, సగంలో మనమే "ప్లేట్‌లెట్స్ ఎంత? ఎన్ఎస్1 చేశారా?" అని అందుకుంటాం, ఆపైన పది నిమిషాలు మనమే మాట్లాడతాం. ఆ పది నిమిషాల్లో ఆలోచించింది మనం. విద్యార్థి విన్నాడంతే.

1992లో నెహర్, ఆయన సహచరులు ప్రతిపాదించిన 'వన్ మినిట్ ప్రిసెప్టర్' దీన్ని తిప్పేస్తుంది. అడుగులు ఐదు: విద్యార్థి చేత నిర్ణయం చెప్పించడం, దానికి ఆధారాలు అడగడం, ఒక సాధారణ సూత్రం నేర్పడం, బాగా చేసినదాన్ని పేరుపెట్టి చెప్పడం, తప్పుని సరిదిద్దడం. ఎలా ఉంటుందో చూడండి. ఫైనల్ ఇయర్ అమ్మాయి 32 ఏళ్ల మనిషి కేసు చెప్పింది. ఐదు రోజుల జ్వరం, ఒళ్లు నొప్పులు, తలనొప్పి, ప్లేట్‌లెట్లు 60 వేలు.

"నీ ఉద్దేశంలో ఇదేమై ఉంటుందమ్మా?"

"డెంగీ సర్."

"దేన్ని బట్టి?"

"ప్లేట్‌లెట్స్ తక్కువున్నాయి సర్. సీజన్ కూడా డెంగీదే."

"ఇంకేం కావొచ్చు? దాన్నెందుకు పక్కన పెట్టావు?"

కాసేపు మౌనం. ఇక్కడ టీచర్ ఓర్చుకోవాలి, జవాబు అందించకూడదు. "లెప్టో కావొచ్చు సర్. కానీ కామెర్లు లేవు."

"కళ్లు చూశావా?"

"ఎర్రగా ఉన్నాయి సర్. పుసులేమీ లేవు."

"పిక్కలు నొక్కి చూశావా? ఏం పని చేస్తాడో అడిగావా?"

అమ్మాయి తల అడ్డంగా ఊపింది. మంచం మీది మనిషే అందుకున్నాడు: "మోరీలు సాఫ్ జేస్త సారూ. వారం కింద నీళ్లల్ల దిగిన." అమ్మాయి పిక్క మీద చెయ్యి వేయగానే ఆయన కాలు వెనక్కి లాక్కున్నాడు.

ఇప్పుడు సూత్రం: ప్లేట్‌లెట్లు తగ్గడం డెంగీ ఒక్కదాని గుర్తు కాదు, మలేరియాలో, లెప్టోస్పైరోసిస్‌లో (ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే జ్వరం, క్లుప్తంగా లెప్టో), స్క్రబ్ టైఫస్‌లో (చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం, కుట్టిన చోట నల్లటి చెక్కు కడుతుంది) కూడా తగ్గుతాయి. లెప్టోకి కామెర్లు ఉండి తీరాలన్న రూలూ లేదు. జ్వరం కేసులో పని, నీళ్లు, ఊరు గురించి అడక్కుండా, చంకలూ గజ్జలూ చూడకుండా ఒక పేరు దగ్గర ఆగిపోవద్దు. ఆ తర్వాత మెప్పు: "కళ్లు ఎర్రగా ఉండి పుసులు లేవని గమనించావు చూడు, అది మంచి పరిశీలన." ఇక తప్పు: "సీజన్‌ని బట్టి ముందే మనసులో డెంగీ అని పెట్టుకున్నావు, అందుకే పని గురించి అడగాలనిపించలేదు." మొత్తం మీద మూడు నాలుగు నిమిషాలు. ఆ అమ్మాయి లెప్టోస్పైరోసిస్‌ని ఇక మర్చిపోదు.

ఇలాంటిదే ఇంకోటి ఉంది, స్నాప్స్. 2003లో వచ్చింది. అందులో పగ్గాలు విద్యార్థి చేతిలో ఉంటాయి. కేసుని క్లుప్తంగా చెప్పి, రెండు మూడు అనుమానాలకు కుదించి, వాటిని తానే పోల్చి, తనకు తెలియనిదేంటో టీచర్‌ని అడిగి, ప్లాన్ చెప్పి, ఇంటికెళ్లి చదవాల్సిన ఒక అంశం ఎంచుకుంటాడు. హౌస్‌సర్జన్లకు, పీజీలకు స్నాప్స్ బాగా సరిపోతుంది. నోరు విప్పడానికే భయపడే థర్డ్ ఇయర్ పిల్లలకు ఐదు అడుగుల పద్ధతి మేలు, ఎందుకంటే అక్కడ అడిగేది మనం.

రెండింటికీ ఒక షరతు ఉంది. పేషంటు అనుమతి తీసుకోవాలి. ఒక మంచం చుట్టూ ఇరవై మంది నిలబడి, ఆయనకు అర్థం కాని భాషలో ఆయన గురించే మాట్లాడుకోవడం ఏ రకంగానూ మర్యాద కాదు. మంచం దగ్గర ఐదారుగురు, చర్చలో భయపెట్టే భాగం డెమో రూమ్‌లో. చివర్లో "మేం ఏం మాట్లాడుకున్నామంటే" అని ఆయనకు తెలుగులోనో, ఉర్దూలోనో విద్యార్థి చేతే చెప్పించండి. అర్థమయ్యేలా చెప్పలేకపోతే ఆ విద్యార్థికీ ఇంకా పూర్తిగా అర్థం కాలేదన్నమాట.

కేసుల్ని కలిపి, పోల్చి నేర్పడం

నేను అన్నిటికంటే ఎక్కువగా సిఫారసు చేసేది ఇదే. మన పుస్తకాలూ, క్లాసులూ జబ్బుల వారీగా నడుస్తాయి. ఈ వారం డెంగీ, వచ్చే వారం టైఫాయిడ్. పేషంట్లు అలా రారు, అన్ని జ్వరాలూ ఒకే ఓపీలో ఒకే క్యూలో వస్తాయి. డెంగీ వారంలో ఇచ్చే కేసు డెంగీయే అని విద్యార్థికి ముందే తెలుసు, ఇక ఆలోచించాల్సిందేముంది? 2003లో హటాలా, బ్రూక్స్, నార్మన్ ఈసీజీ నేర్చుకునే విద్యార్థుల మీద దీన్ని పరీక్షించారు. ఒక్కో రకాన్ని విడిగా సాధన చేసినవాళ్లకంటే, అన్నీ కలిపి సాధన చేసినవాళ్లు కొత్త ఈసీజీలను ఎక్కువ సరిగ్గా గుర్తించారు.

ఇది చేయడం తేలిక. జ్వరంతో వచ్చిన నలుగురి కేసులు ఒక్కో పేజీలో రాయండి: డెంగీ, లెప్టో, స్క్రబ్ టైఫస్, టైఫాయిడ్. వయసూ, రోజులూ, ప్లేట్‌లెట్లూ దాదాపు ఒకేలా ఉంచి, తేల్చిచెప్పే రెండు మూడు వివరాలే మార్చండి. స్క్రబ్ టైఫస్ కేసుకి గజ్జల్లో నల్లటి చెక్కు కట్టిన చిన్న పుండు, డెంగీ కేసుకి హెమటోక్రిట్ (రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే లెక్క) పెరుగుదల, లెప్టో కేసుకి పిక్కల నొప్పి, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే లెక్క) పెరుగుదల, టైఫాయిడ్ కేసుకి రోజురోజుకీ మెట్లెక్కినట్టు పెరిగిన జ్వరం. ముందు విద్యార్థి ఒక్కో కేసుని ఒకే వాక్యంలో చెప్పాలి: ఎవరు, ఎన్నాళ్ల నుంచి, ముఖ్యంగా ఏమిటి. తర్వాత ప్రతి అనుమానానికీ మూడు గళ్లు నింపాలి. దీనికి అనుకూలంగా ఏముంది, వ్యతిరేకంగా ఏముంది, ఇదే నిజమైతే ఉండాల్సి కూడా కనిపించనిదేంటి. ఈ మూడో గడిని పట్టించుకోండి. సిల్వియా మమీడె, ష్మిట్ బృందం అభివృద్ధి చేసిన నిర్మాణాత్మక పునరాలోచన పద్ధతిలో ఇదొక భాగం. లేనిదాన్ని గమనించడం మన పిల్లలకు ఎవరూ నేర్పట్లేదు.

జ్వరం కేసులకు హైదరాబాద్‌లో కొరత ఉండదు. రొనాల్డ్ రాస్ 1897లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది సికింద్రాబాద్‌లోనే, నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌కి ఆయన పేరే పెట్టారు. జులై నుంచి నవంబరు దాకా ఏ పెద్దాసుపత్రిలోనైనా ఈ పోలికకు కావాల్సిన పేషంట్లు వార్డుల్లోనే ఉంటారు.

ఫిజియోథెరపీ వాళ్లు నడుం నొప్పితో ఇదే చేయొచ్చు. మామూలు కండరాల నొప్పి, డిస్క్ జారడం, వెన్నులో టీబీ, కాడా ఈక్వైనా (వెన్ను చివరి నరాల కట్ట నొక్కుకుపోవడం). నాలుగో పేషంటు "మూత్రం వచ్చేది తెలియట్లేదు" అన్న మాట చెప్పేదాకా విద్యార్థి అడుగుతాడా, లేదా ఎక్సర్‌సైజ్ చార్ట్ చేతికిచ్చి పంపేస్తాడా అన్నది చూడాలి.

నర్సింగ్‌కి: గంటగంటకీ విప్పే కేసు

నర్సింగ్‌లో రీజనింగ్ అంటే డయాగ్నసిస్ పేరు పట్టుకోవడం కాదు, మారుతున్న మనిషిని సమయానికి గుర్తించడం. క్రిస్టీన్ టానర్ 2006లో దాన్ని నాలుగు దశలుగా చెప్పారు: గమనించడం, అర్థం చేసుకోవడం, స్పందించడం, తర్వాత నెమరేసుకోవడం. దానికి మొత్తం కేసు ఒకేసారి చేతికిస్తే లాభం లేదు, ముక్కలుగా విప్పాలి.

డెంగీ ఐదో రోజు. రాత్రి నుంచి జ్వరం లేదు. ఉదయం ఆరింటికి బీపీ 110/70, పల్స్ 88. అటెండెంట్ సంతోషంగా వచ్చి "జరం తగ్గింది గదా సిస్టర్, ఇంటికి పోవచ్చా" అని అడుగుతుంది. ఇక్కడ ఆపండి. ఏం జవాబిస్తారు, ఏం చూస్తారు? పదింటికి బీపీ 106/80, పల్స్ 104, అరచేతులు చల్లగా ఉన్నాయి. మళ్లీ ఆపండి. పన్నెండింటికి బీపీ 100/82, కడుపునొప్పి, రెండు వాంతులు, ఉదయం నుంచి మూత్రం ఒక్కసారే, హెమటోక్రిట్ 40 నుంచి 48కి చేరింది.

పై బీపీ 100 ఉంది కదా అని చాలామంది ధైర్యంగా ఉంటారు. పైదీ కిందిదీ మధ్య తేడా 40 నుంచి 26కి, అక్కణ్నుంచి 18కి వచ్చింది. డెంగీలో ఆ తేడా 20కి పడిపోయిందంటే షాక్ మొదలైనట్టే. జ్వరం తగ్గే సమయంలోనే రక్తనాళాల నుంచి ప్లాస్మా కారిపోతుంది, ప్రమాదం అప్పుడే. ప్రతి ఆపులో విద్యార్థి డ్యూటీ డాక్టర్‌కి ఫోన్‌లో చెప్పినట్టు పైకి చెప్పాలి: పరిస్థితి ఏమిటి, నేపథ్యం ఏమిటి, నేనేమనుకుంటున్నాను, మీరేం చేయాలని కోరుతున్నాను. మూడో ముక్క దగ్గర అమ్మాయిలు ఆగిపోతారు. "నేనేమనుకుంటున్నాను" అని డాక్టర్‌తో చెప్పొచ్చని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆ మాట చెప్పే ధైర్యం క్లాసులోనే రావాలి, ఎందుకంటే రాత్రి షిఫ్ట్‌లో ఆ మంచం దగ్గర మొదట ఉండేది ఆమే.

సిమ్యులేషన్

అరుదుగా వచ్చేవి, ఆలస్యమైతే ప్రాణం పోయేవి, నలుగురు కలిసి చేయాల్సినవి సిమ్యులేషన్‌లోనే నేర్పాలి: కార్డియాక్ అరెస్ట్, ప్రసవం తర్వాత రక్తస్రావం, ఎనఫిలాక్సిస్ (ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ). రోజూ ఓపీలో కనిపించేదానికి మ్యానికిన్ దండగ. ఎంత ఖరీదైనదైనా, తర్వాత కూర్చుని "అప్పుడు నువ్వేమనుకున్నావు" అని విడమర్చి మాట్లాడుకునే డీబ్రీఫింగ్ లేకపోతే నేర్చుకునేది తక్కువ. బడ్జెట్ ఉంటే ముందు డీబ్రీఫింగ్ చేయడంలో ఇద్దరు టీచర్లకు శిక్షణ ఇప్పించండి.

హిస్టరీ తీసుకోవడం, చెడు వార్త చెప్పడం లాంటివాటికి మనుషులే మేలు. పేషంటుగా నటించేవాళ్లతో నేర్పడం 1963లో హోవర్డ్ బారోస్ మొదలుపెట్టారు. రవీంద్రభారతిలో నాటకాలు వేసేవాళ్లున్న ఊరు మనది, అడిగితే వచ్చేవాళ్లు దొరుకుతారు.

వీటిమీద ఎక్కువ ఖర్చు పెట్టొద్దు

కాగ్నిటివ్ బయాస్‌ల (ఆలోచనని పక్కదారి పట్టించే అలవాట్ల) జాబితా బట్టీ పట్టించే ఒకరోజు వర్క్‌షాప్‌లకు ఇప్పుడు గిరాకీ బాగుంది. పేర్లు తెలియడం మంచిదే. కానీ జెఫ్ నార్మన్, ఆయన సహచరులు 2017లో ఆధారాలన్నీ చూసి, బయాస్‌లను గుర్తుపట్టడం నేర్పితే తప్పులు తగ్గుతాయనడానికి పెద్దగా రుజువు లేదని, తప్పుల్లో చాలావాటికి విషయం తెలియకపోవడమే మూలమని రాశారు. ఆ రోజుని ఇంకో ఆరు కేసుల పోలికకు ఇవ్వండి.

నీట్ పీజీ కోసం పిల్లలు ఎలాగూ ఎంసీక్యూ యాప్‌లతోనే ఉంటారు. వాటిని తిట్టే బదులు వాడుకోవచ్చు, రకరకాల కేసులు కలిసి రావడం వాటిలో మంచి విషయమే. లోపం ఏమిటంటే అక్కడ కేసుని ఎవరో ముందే శుభ్రం చేసి పెడతారు, జవాబు నాలుగింట్లో ఉందని హామీ ఇస్తారు. ఆప్షన్లు మూసి, జవాబు కాగితం మీద రాసుకున్నాకే తెరవమని చెప్పండి. ఏఐ చాట్‌బాట్‌ని అడిగే అలవాటుకీ ఇదే మాట వర్తిస్తుంది: ముందు నీది రాయి, తర్వాత దాన్ని అడుగు, తేడా ఎక్కడొచ్చిందో చూసుకో.

పరీక్ష పాతదే అయితే

ఇంటర్నల్స్‌లో "డెంగీ గురించి వ్రాయుము" అనే ఉంటే పైవన్నీ పిల్లలకు టైంపాస్‌గానే కనిపిస్తాయి. యూనివర్సిటీ పేపర్ మన చేతుల్లో లేకపోయినా ఇంటర్నల్ అసెస్‌మెంట్ మన చేతుల్లో ఉంది. ఒక కేసులో చూపిన నేర్పు ఇంకో కేసుకి హామీ కాదు కాబట్టి, ఒకే లాంగ్ కేసు (ఒక్క పేషంటుని వివరంగా చూసి చెప్పే పరీక్ష) మీద విద్యార్థి భవిష్యత్తు తేల్చడం అన్యాయం. ఆరు చిన్న కేసులిచ్చి, ఒక్కోదాంట్లో "ఇప్పుడు తప్పక చేయాల్సిన ఒక్క పని ఏమిటి, ఎందుకు" అని అడగండి. స్క్రిప్ట్ కంకార్డెన్స్ పరీక్ష ఇంకా సూక్ష్మమైనది. మీకొక అనుమానం ఉంది, ఈ కొత్త వివరం తెలిస్తే ఆ అనుమానం పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా అని అడిగి, నిపుణుల ప్యానెల్ జవాబులతో పోల్చి మార్కులేస్తారు. దానికి పది, పదిహేను మంది నిపుణులు కావాలి కాబట్టి పీజీ స్థాయిలో అందరూ కలిసి చేసుకుంటే బాగుంటుంది.

మీ పరిస్థితికి ఏది?

ఫస్ట్ ఇయర్, 250 మంది, నలుగురు టీచర్లు: లెక్చర్ చివర పైకి ఆలోచించి చూపడం, నెలకొక టీబీఎల్. ఈ దశలో చేసిపెట్టిన ఉదాహరణలే ఎక్కువ నేర్పుతాయి. వాటిని విద్యార్థి చేత "ఇక్కడ ఇలా ఎందుకు జరిగింది" అని శరీరధర్మం ఆధారంగా వివరింపజేయండి, అప్పుడే ఫిజియాలజీ తర్వాత వార్డులో గుర్తొస్తుంది.

థర్డ్ ఇయర్ నుంచి ఫైనల్ ఇయర్ దాకా, వార్డు పోస్టింగు ఉన్నప్పుడు: వారానికొక కేసుల పోలిక, రోజూ ఒకే ఒక్క పేషంటు దగ్గర ఐదు అడుగులు. రోజూ అందరి దగ్గరా చేయాలని కూర్చుంటే రెండో వారానికే ఓపిక పోతుంది. హౌస్‌సర్జన్లకు స్నాప్స్, పీజీలకు స్నాప్స్‌తో పాటు డయాగ్నసిస్ మారిపోయిన కేసుల మీద నెలకొకసారి చర్చ. ఆ చర్చలో ఎవరు తప్పు చేశారన్న ప్రశ్న రానివ్వకండి, వస్తే మరుసటి నెల ఎవరూ కేసు తీసుకురారు.

సొంత ఆసుపత్రి లేక, పోస్టింగులకు వేరే ఆసుపత్రి మీద ఆధారపడిన నర్సింగ్ కాలేజీలు నగరంలో ఉన్నాయి. వాళ్లకు గంటగంటకీ విప్పే కేసులే ప్రధాన ఆయుధం. పోస్టింగు నుంచి వచ్చిన ప్రతి గుంపు చేత ఒక కేసు రాయించండి. పేరు, ఐపీ నంబరు, ఊరు తీసేసి, బీపీ, పల్స్, మూత్రం లెక్కలు మాత్రం గంటలతో సహా ఉంచాలి. ఒక స్టాఫ్ నర్స్, ఒక డాక్టరు దాన్ని చదివి సరిచేయాలి. ఏడాది తిరిగేసరికి కాలేజీకి సొంతంగా, మన ఆసుపత్రుల పేషంట్లతో తయారైన కేసుల ఫైలు ఉంటుంది. తర్వాతి బ్యాచ్‌కి ఎనిమిది మంది చొప్పున గుంపులు చేసి, సీనియర్ విద్యార్థుల్నే నడిపించేవాళ్లుగా పెట్టొచ్చు.